బండిని విప్పి చూసిన నాయుడు

పోయిన వేసవిలో మా పెదనాన్న కారు పులివెందుల నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో మూడుసార్లు ఆగిపోయింది. కాసేపు చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. షెడ్డుకు తీసుకుపోతే మాత్రం బుద్ధిగా నడిచేది. స్కానర్ పెడితే ఒకదానికొకటి సంబంధం లేని సెన్సార్ల కోడ్లు వచ్చాయి. సెన్సార్ మార్చారు. డబ్బులు పోయాయి గానీ రోగం పోలేదు.

చివరికి జమ్మలమడుగులో ఒక పెద్ద మేస్త్రి ఇంజన్ నడుస్తుండగానే వైరింగును ఒక్కో చోట చేత్తో కదిలిస్తా పోయాడు. కంప్యూటర్ ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట ముట్టుకోగానే ఇంజన్ తడబడింది. వైరుకు రెండు కొసల్లో మల్టీమీటర్ పెడితే, దాదాపు సున్నా ఉండాల్సిన చోట వోల్టేజ్ కనిపించింది. ఎర్త్ కదిలితే అన్ని సెన్సార్ల లెక్కా కదులుతుంది. ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే. బండి ముందు నిలబడితే గుర్తు రాలేదు. ఆ సిగ్గులోనే జి.డి. నాయుడు గురించి చదవడం మొదలుపెట్టాను.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబం, సేద్యం చేసుకునేవాళ్ళు. బడి ఆయనకు పడలేదు, చిన్న తరగతుల్లోనే మానేశాడు. ఒకరోజు ఊళ్ళోకి ఒక తెల్లదొర మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా పోయే బండిని చూశాక పిల్లోడికి ఇక నిద్ర లేదు. కోయంబత్తూరు పోయి హోటల్లో పనిచేసి, రూపాయి రూపాయి కూడబెట్టి, ఆ దొర దగ్గర ఆ బండే కొన్నాడు. మనమైతే ఒక రౌండ్ వేసి స్టేటస్ పెట్టేవాళ్ళం. ఆయన మొత్తం విప్పేసి, మళ్ళీ బిగించాడు. మెకానిక్ అయ్యాడు.

ఆ కాలం బండ్లలో కంప్యూటర్ లేదు గానీ, దొంగరోగాలు అప్పుడూ ఉన్నాయి. కాంటాక్ట్ పాయింట్లు మసిబట్టినా, వైరు పైతొడుగు పగిలినా, స్పార్క్ ఒకసారి వచ్చి ఒకసారి రాదు. బల్ల మీద అన్నీ బాగానే ఉంటాయి, వేడికో కుదుపుకో బయటపడతాయి.

పత్తి వ్యాపారంలో బొంబాయిలో చేయి కాల్చుకున్నాక, 1920లో అప్పు చేసి ఒక బస్సు కొని పొళ్ళాచ్చి నుంచి పళనికి తనే నడిపాడు. 1933 నాటికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీస్‌కు 280 బస్సులున్నాయి. బస్సు నడిపేవాడికి అసలు శత్రువు దొంగరోగమే. పూర్తిగా చెడిన బస్సు షెడ్డులో పడి ఉంటుంది, అప్పుడప్పుడు చెడేది జనాన్ని నడిరోడ్డు మీద దించేస్తుంది. జమ్మలమడుగు దారిలో ఎండకు నిలబడ్డోళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

1937లో బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటార్లలో ఒకదాన్ని తెచ్చాడు. రేజర్, రేడియో, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇంకా చాలా చేశాడు. 1952లో రెండు వేల రూపాయలకు ఇద్దరు కూర్చునే కారు తయారైంది గానీ, ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వక ఆగిపోయింది.

నన్ను పట్టుకున్నది మాత్రం కాలేజీ సంగతి. 1945లో కోయంబత్తూరులో ఆయన పూనికతో, ఆయన విరాళంతో, గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు మీద ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. మూడో నాలుగో తరగతి దాటనివాడు దానికి ప్రిన్సిపాల్! నాలుగేళ్ళ కోర్సు పిల్లల కాలాన్ని వృథా చేయడమేనని, అంతకంటే చాలా తక్కువలో నేర్పవచ్చని ఆయన వాదించాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేసి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేను పూర్తిగా ఆయన పక్షం కాదు. రెండేళ్ళలో మెషిన్స్, కంట్రోల్ సిస్టమ్స్ రెండూ నా బుర్రకెక్కేవి కావు. కానీ మన ల్యాబ్ ఒకసారి తలుచుకోండి. అక్కడ సర్క్యూట్ పనిచేస్తుంది, లేదా పనిచేయదు. గంట బాగుండి ఒక నిమిషం ఆగేది మనకెవరూ ఇవ్వరు. రీడింగ్ రాకపోతే సీనియర్ రికార్డు ఉండనే ఉంది. దాంట్లో ఎన్నిసార్లు చూసి రాశానో నాకు తెలుసు, మీకూ తెలుసు.

నాయుడు 1974 జనవరి 4న పోయాడు. ఆ కాలేజీ అక్కడి నుంచి ఎప్పుడో తరలిపోయి, ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. అవినాశి రోడ్డు మీద ఆ బస్టాపును మాత్రం జనం ఇంకా హోప్ కాలేజ్ అనే పిలుస్తారు.

మేస్త్రి మార్చేసిన పాత ఎర్త్ వైరును అడిగి తెచ్చుకున్నాను. మొన్న హాస్టల్లో బ్లేడుతో దాని తొడుగు చీల్చాను. పైకి కొత్తదానిలాగే ఉంది. లోపల, కొస దగ్గర, రాగి తీగలు చాలావరకు తెగి పచ్చటి పొడి అయ్యాయి. లెక్కపెడితే నాలుగే మిగిలాయి.