పురుగులతో సినిమా తీసిన గుమాస్తా

ఈ వేసవిలో బరంపురంలోని మా తెలుగు సంఘం హాలులో పిల్లలు ప్లాస్టిక్ ఇటుకలతో చిన్న ఇల్లు కట్టి, దాన్ని అట్టపెట్టెలో పెట్టి, సెల్‌ఫోనుతో సినిమా తీశారు. బొమ్మను వెంట్రుకవాసి జరపడం, ఒక ఫోటో తీయడం, మళ్ళీ జరపడం. రెండు రోజులు కష్టపడి తీసి చూస్తే బొమ్మలు బాగానే నడిచాయి గానీ గోడల మీద వెలుతురు మాత్రం మినుకుమినుకుమంటూ ఉంది. కారణం మేమే. గాలి ఆడటం లేదని కిటికీ తెరిపించాము, పైగా తెల్ల చొక్కాతో పెట్టె పక్కనే నిలబడి అజమాయిషీ చేశాము. ఎండ కదిలినా, చొక్కా కదిలినా ఆ తేడా ఫోటోలో పడుతుందట. పిల్లలు మర్యాదగానే మమ్మల్ని బయటికి పంపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, పెట్టె పైనుంచి ఒక్క లైటు వేలాడదీసి మొదటినుంచీ మళ్ళీ తీశారు.

ఈ విద్యకు ఆద్యుల్లో ఒకాయన మాలాగే గుమాస్తా అని ఆ తరువాత తెలిసింది. ఆయనా మనలాగే పరభాషా ప్రాంతంలో పెరిగినవాడు. అందుకే ఆయన కథ మన పాఠకులకు చెబుతున్నాము.

వ్లాదిస్లావ్ స్తారెవిచ్ 1882 ఆగస్టు 8న మాస్కోలో పుట్టాడు. తల్లిదండ్రులు పోలిష్ వారు. పసితనంలోనే తల్లి పోతే కోవ్నోలో అమ్మమ్మగారింట పెరిగాడు. ఆ ఊరు నేడు లిథువేనియాలో కౌనస్. అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. అంటే ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొకటి, ఆఫీసులో మరొకటి. ఇది మన పాఠకులకు వివరించనక్కరలేదు. ఆయన పేరును కూడా పోలిష్ వారు ఒకలా, రష్యన్లు ఒకలా, ఫ్రెంచివారు మరొకలా రాశారు. రేషన్ కార్డులో ఇంటిపేరు ఎన్ని రకాలుగా మారుతుందో చూసినవాళ్ళం, మనకు ఆశ్చర్యం లేదు.

కోవ్నోలో ఆయన ప్రభుత్వ ఖజానా ఆఫీసులో గుమాస్తా. మనసంతా పురుగుల మీద, బొమ్మల మీద. ఆ ఊరి మ్యూజియం కోసం చిన్న చిన్న సినిమాలు తీసేవాడు. జింక కొమ్ముల్లాంటి పెద్ద దవడలున్న నల్లటి పెంకుపురుగులు ఆడపురుగు కోసం పోట్లాడుకుంటాయి. దాన్ని తీయాలనుకున్నాడు. అవి రాత్రిపూట తిరిగే జీవులు. దీపాలు వెలిగించగానే కదలడం మానేసేవి. దీపం లేనిదే కెమెరా పనిచేయదు, దీపం ఉంటే పురుగు పనిచేయదు.

ఫ్రాన్సులో ఎమిల్ కోల్ అనే ఆయన అగ్గిపుల్లలు వాటంతట అవే కదులుతున్నట్టు 1908లో ఒక సినిమా తీశాడు. స్తారెవిచ్ అది చూసి ఉపాయం పట్టాడు. చనిపోయిన పురుగుల కాళ్ళూ దవడలూ తీసి, వాటి చోట తీగలు పెట్టి, లక్కతో అతికించాడు. కవర్లకు సీలు వేయడానికి మేము ఉద్యోగకాలమంతా కరిగించిన లక్క లాంటిదే! కాలు కాస్త వంచి ఒక బొమ్మ, ఇంకాస్త వంచి ఇంకో బొమ్మ. అలా 1910లో పెంకుపురుగుల యుద్ధం తెరకెక్కింది. బొమ్మలతో కథ నడిపిన తొలి చిత్రాల్లో అదొకటి.

1911లో ఉద్యోగం వదిలి మాస్కోలో ఖాన్జొంకోవ్ కంపెనీలో చేరాడు. మరుసటి ఏడు వచ్చిన 'కెమెరామన్ ప్రతీకారం' ఇప్పటికీ చూడదగ్గది. పెంకుపురుగు మొగుడు పట్నం వెళ్ళి తూనీగ నాట్యగత్తెతో తిరుగుతుంది. ఆమె మీద మనసుపడి భంగపడ్డ మిడత సినిమా కెమెరా మోసేవాడు. హోటలు గది తాళంచెవి కంతలోంచి అంతా తీసి, మొగుడూపెళ్ళాలు చూస్తుండగానే సినిమా హాల్లో వేసేస్తాడు. ఇంట్లో పెళ్ళాం కూడా తక్కువ తినలేదు, అది వేరే సంగతి. ఆ హోటలు గది, మెట్లు, సినిమా హాలు అన్నీ బల్ల మీద పట్టే సెట్లే. అలాంటి గదిలోకి చెయ్యి దూర్చి, పక్కన ఏదీ కదలకుండా పురుగు కాలొక్కటే జరపడం ఎంత కష్టమో మా పిల్లలను అడగండి. గోడకు మోచెయ్యి తగిలితే ఆ పూట పని పోయినట్టే. విదేశాల్లో కొందరు అవి తర్ఫీదు ఇచ్చిన బతికున్న పురుగులనే నమ్మారట.

మనుషులతోనూ ఆయన సినిమాలు తీశాడు. విప్లవం వచ్చాక యాల్టాకూ, అక్కడినుంచి ఇటలీ మీదుగా ఫ్రాన్సుకూ కుటుంబంతో చేరాడు. 1924లో పారిస్ దగ్గర ఫోంతనే-సూ-బువాలో స్థిరపడ్డాడు. ఇల్లే స్టూడియో. భార్య అన్నా బొమ్మలకు బట్టలు కుట్టేది. పెద్దకూతురు ఇరెన్ దర్శకత్వంలో తోడు. చిన్నకూతురు నీనా నటించేది. పెద్ద కంపెనీలు పిలిచినా, వంద మంది కింద పనిచేసే చోటికి ఆయన పోలేదు.

మా మనసుకు పట్టింది 'నక్క కథ'. ఈ పూర్తి నిడివి బొమ్మల సినిమా 1929, 1930లలో ఏడాదిన్నర పాటు తీశారు. సినిమా గంటా ఐదు నిమిషాలు. సెకనుకు 24 బొమ్మల లెక్కన చూస్తే తొంభై వేలు దాటుతుంది. మేము లెక్కల మనుషులం కాబట్టి కాగితం మీద వేసి చూశాము. ఇంత చేసి బొమ్మ పూర్తయ్యేసరికి మాటల సినిమాల కాలం వచ్చింది. మూకీల్లో ఆయనకు ఏ దేశమైనా ఒకటే. పురుగుకు పోలిష్ రాకపోయినా, ఫ్రెంచి రాకపోయినా పరవాలేదు. ఇప్పుడు నక్క నోరు విప్పాలి. ధ్వని జతచేసే ఏర్పాటు కుదరలేదు, సినిమా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. చివరికి జర్మనీ వారి ఊఫా కంపెనీ ముందుకొచ్చింది. ఆ నక్క కథను గోథే కవి జర్మన్‌లో కావ్యంగా రాసి ఉన్నాడు మరి. 1937 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో జర్మన్ మాటలతో విడుదలైంది. ఫ్రాన్సులో తీసిన సినిమాకు ఫ్రెంచి మాటలు వచ్చేసరికి 1941 అయింది.

ఆయన మాత్రం పని ఆపలేదు. 1956లో భార్య పోయాక కూడా ఇరెన్ తోడుగా తీస్తూనే ఉన్నాడు. 1965 ఫిబ్రవరి 26న, 82 ఏళ్ళ వయసులో ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. అప్పటికి కుక్కాపిల్లుల కథ ఒకటి సగంలో ఉంది.

మా పిల్లల సినిమా మూడు నిమిషాలు వచ్చింది. ఇంకా మాటలు పెట్టలేదు. వాళ్ళలో వాళ్ళు ఒడియాలోనే మాట్లాడుకుంటారు, తీసినప్పుడూ అంతే. తెలుగులోనే పెట్టాలని కమిటీలో సగం మంది, పిల్లల ఇష్టానికి వదిలేయాలని మిగతా సగం. కార్యదర్శిగా మా ఓటు తెలుగుకే. అయితే ఒక పాప తెలుగు మాటలు ఒడియా లిపిలో రాసుకుని చదువుతానంటోంది. వచ్చే ఆదివారం రికార్డింగు పెట్టుకున్నాము. ఆ వేళకు హాలు కిటికీలు మూసే ఉంటాయి, పెద్దలు గమనించగలరు.