గీతలతో కథ చెప్పిన గురువు - రొడాల్ఫ్ టోఫర్

శ్రీకాళహస్తి కలంకారి వస్త్రములను చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. వస్త్రమును గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో రామాయణములోని ఒక్కొక్క ఘట్టమును చిత్రించి, ఆ బొమ్మకు పైన పట్టీలో తెలుగున కొన్ని మాటలు వ్రాయుట అచటి చిత్రకారుల సంప్రదాయము. చూచువాడు బొమ్మను చూచుచు, అక్షరమును చదువుచు గడి నుండి గడికి సాగిపోవును. అయితే ఆ కథ అతనికి ముందే తెలియును. ఎవ్వరును వినని క్రొత్త కథను సైతము బొమ్మయు మాటయు చెరిసగము పంచుకొని చెప్పగలవని ఐరోపాలో చూపినవాడు ఒక బడిపంతులు. నేడు ఇంటింట పిల్లలు చదువుకొను బొమ్మల కథల పుస్తకములకు, అనగా కామిక్సులకు, పెక్కుమంది చరిత్రకారులు ఆయననే ఆద్యునిగా చెప్పుదురు. ఆయన పేరు రొడాల్ఫ్ టోఫర్.

టోఫర్ 1799 జనవరి 31వ తేదీన జెనీవా నగరమున జన్మించెను. తండ్రి ఆడం టోఫర్ పేరెన్నికగన్న చిత్రకారుడు. ప్రకృతి దృశ్యములతోపాటు వ్యంగ్య చిత్రములను కూడ వ్రాసిన చేయి ఆయనది. కుమారుడును ఆ మార్గముననే నడువవలెనని ఆశించెను. ఆ ఆశ నెరవేరలేదు. యౌవనారంభముననే కన్నుల జబ్బు పట్టుకొనెను. 1819లో పారిస్ నగరమునకు పోయినను గుణము కనిపించలేదు. రంగుల మేళవింపునకు, గంటల తరబడి చూపు నిలుపవలసిన పనికి ఆ కన్నులు తాళజాలవని తేలిపోయెను. ఇరువది యేండ్ల యువకునకు, అందునను చిత్రకారుని కుమారునకు, అది చిన్న దెబ్బ కాదు. ఆయన కుంచె విడిచి ఉపాధ్యాయుడయ్యెను. వివాహము చేసికొని, కొలది కాలమునకే జెనీవాలో స్వంతముగా ఒక వసతి పాఠశాలను నెలకొల్పెను. ఏటేట శిష్యులను వెంటబెట్టుకొని ఆల్ప్స్ పర్వతములలో కాలినడకన తిరుగుట, తిరిగివచ్చి ఆ యాత్రా విశేషములను బొమ్మలతో సహా వ్రాయుట ఆయనకు అలవాటు. అట్టి యాత్రల సంపుటము 1844లో అచ్చయినది.

కుంచె పోయినను కలము మిగిలెను. కలముతో గీచు పలుచని గీతకు రంగు అక్కరలేదు, దీర్ఘమైన సవరణలును అక్కరలేదు. సాయంకాలములయందు పిల్లలు చుట్టును మూగియుండగా టోఫర్ అట్టి గీతలతో ఆటగా కథలు కల్పింపసాగెను. 1827లో గీచిన వ్యోబ్వా గారి ప్రేమకథ వానిలో మొదటిది.

ఈ వ్యోబ్వా నడివయస్సు దాటిన పెద్దమనిషి. ఒక స్థూలకాయురాలిని చూచి వలచును. ఆమె నిరాకరించినప్పుడెల్ల ప్రాణము తీసికొనబోవును. కత్తి చంక క్రిందుగా పోవును. తాను చచ్చితినని నమ్మి అతడు అట్లే పడియుండును. ఉరి వేసికొనును, త్రాడు పొడవగుటచే కాళ్ళు నేలకు ఆనును. ఇట్టి ప్రతి యాపద తరువాతను అతడు బట్టలు మార్చుకొనును. బొమ్మ క్రింద ఆ ముక్క దొరతనపు దినచర్యవలె గంభీరముగా వ్రాయబడియుండును. మొదటిసారి చదువరి నవ్వడు. మూడవసారి ఆ మాట రాకముందే నవ్వును. మన తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి వచ్చిన క్షణముననే ప్రేక్షకులు నవ్వుటకు సిద్ధపడుదురు గదా! అదే కిటుకు. హాస్యము వార్తలో లేదు, మరల వచ్చుటలో ఉన్నది.

కాని టోఫర్ కనిపెట్టినది ఇంతకంటె లోతైనది. ఆయన కథలలో మాట ఎన్నడును బొమ్మను వర్ణింపదు. మాట మర్యాదగా ఒకటి చెప్పుచుండగా బొమ్మ వేరొకటి చూపుచుండును. ఆ రెంటి నడుమనున్న సందులో కథ నడచును. బొమ్మలు తీసివేసిన మాటలకు అర్థముండదనియు, మాటలు తీసివేసిన బొమ్మలు అస్పష్టములగుననియు ఆయనయే 1837లో ఒక వ్యాసమున వివరించెను. గడుల వెడల్పును గూడ కథావేగమును బట్టి మార్చెను; పరుగు వచ్చినచోట గడులు సన్నబడి, చదువరి చూపును పరుగెత్తించును. సినిమా పుట్టుటకు అర్ధశతాబ్దికి పైగా ముందే ఇట్టి యూహ ఒక పంతులకు కలుగుట చెప్పుకొనదగిన సంగతి.

ఇంత చేసియు ఆయన వానిని అచ్చువేయుటకు వెనుదీసెను. పిల్లలను అప్పగించు తల్లిదండ్రులు పంతులుగారి పిచ్చిగీతలను చూచిన ఏమందురు? జెనీవా ఆచారపరుల నగరము. అట్టి సమయమున వైమార్ నగరమున ప్రభుకుమారునకు గురువుగానున్న సోరే అను జెనీవా పౌరుడు ఆ వ్రాతప్రతులలో కొన్నింటిని 1830-31 శీతకాలమున మహాకవి గేటేకు చూపెను. వ్యంగ్య చిత్రములనిన గేటేకు పడదు. అయినను ఎనుబది దాటిన ఆ వృద్ధుడు ఈ కథలను మిక్కిలి మెచ్చెను. ఆలోచనలు అజీర్తి చేయునేమోయని ఒక్కమారున కొలది పుటలు మాత్రమే చూచి విశ్రమించెడివాడు. ఇంతకంటె ఘనమైన వస్తువును ఎన్నుకొనినచో ఈ రచయిత అసాధ్యములను సాధింపగలడని కూడ ఆయన భావించెను. గేటే పొరపడినది ఇచటనే కావచ్చును. ఘనమైన వస్తువు ఈ గీతకు బరువే యగును గాని బలము కాదు.

ఆ మెప్పు టోఫర్‌కు ధైర్యమిచ్చెను. 1832లో జెనీవా అకాడమీలో సాహిత్యాచార్య పదవి లభించెను. దానితో సంకోచమును పెరిగెను. గొప్పవారిని అనుకరించుచు విందులలో నవ్వులపాలగు జాబో కథను 1833లో అచ్చువేసియు, 1835 వరకు బయట పెట్టలేదు. ఆయన వాడినది ఒక విధమైన శిలాముద్రణ. ప్రత్యేకమైన కాగితముమీద ప్రత్యేకమైన సిరాతో గీచి, దానిని రాతిమీదికి దింపుదురు. రాతిపై అద్దములోని ప్రతిబింబమువలె కుడియెడమలు తారుమారుగా వ్రాయు బాధ లేదు. చెక్కువాని చేయి నడుమకు రాదు. ఆయన చేతి వణకు, తొందర, కొంటెతనము ఉన్నవి ఉన్నట్లు పుటమీదికి వచ్చెను.

1837లో వ్యోబ్వా కథతోపాటు క్రేపాన్ కథయు వెలువడెను. పదునొకండుగురు కుమారులు గల ఒక గృహస్థు వారి చదువుకై ఒకరి తరువాత ఒకరుగా గురువులను నియమించును. ప్రతి గురువునకు ఒక సిద్ధాంతము. ఒకడు తల తడిమి, పుఱ్ఱెమీది ఎత్తుపల్లములను బట్టి విద్యార్థి భవితవ్యమును చెప్పును. పిల్లల చదువులతో వేగువారెవరైనను ఈ కథ చదివి ఒంటరిగా నవ్వుకొనకపోరు. వృత్తి తెలిసినవాడు ఆ వృత్తినే నవ్వుటచే దీనికి తక్కిన కథలకు లేని పదును వచ్చినది.

ఆదరణ వెంట దొంగముద్రణలు వచ్చెను. 1839లోనే పారిస్‌లో నకళ్ళు వెలసెను; వానిలో గీత బిగుసుకొని ప్రాణము పోయినది. వ్యోబ్వా కథ ఇంగ్లీషున 1841లో లండన్‌లోను, 1842 సెప్టెంబరులో న్యూయార్కులో ఒక పత్రికకు అనుబంధముగాను వెలువడెను. అమెరికాలో అచ్చయిన మొదటి కామిక్ పుస్తకముగా దానినే లెక్కింతురు.

1845లో ఆయన ముఖ లక్షణములను గూర్చి ఒక వ్యాసము ప్రచురించెను. ఎంత చేతకాని గీతలతో గీచిన ముఖమునకైనను ఏదో ఒక భావము తప్పక యుండుననియు, కనుబొమను కాస్త వంచినచో మనిషియే మారిపోవుననియు అందు బొమ్మలతో నిరూపించెను. అదే సంవత్సరపు ఆల్బేర్ కథ జెనీవాలోని ప్రగతివాదులపై సంధించిన రాజకీయ పరిహాసము. టోఫర్ సనాతన పక్షపాతి. ఇచట గీత పదునుగానే యున్నను మనసులో కోపమున్నది. వ్యోబ్వాను చూచి నవ్వినట్లు ఆల్బేర్‌ను చూచి నవ్వలేము.

అప్పటికే ఆరోగ్యము క్షీణించెను. విషీ జలములు సేవించినను మేలు కలుగలేదు. కాబోయే భార్యకు వెఱచి ఓడ యెక్కి, తిమింగిలము కడుపున పడు క్రిప్టోగామ్ కథను 1845లో పారిస్ వారపత్రిక ధారావాహికగా వేయదలచినప్పుడు, కొయ్య అచ్చులకు కావలసిన బొమ్మలు తాను గీయలేకపోయెను. షామ్ అను యువ చిత్రకారుడు ఆయన మూలమును చూచి తిరిగి గీచెను. కన్నులు చెడుటచే మొదలైన గీత చివరకు పరుల చేతికి పోయెను. 1846 జూన్ 8వ తేదీన, నలువది యేడేండ్ల వయస్సున, టోఫర్ జెనీవాలోనే మరణించెను. ఆ అక్టోబరులో ప్రగతివాదులు నగర ప్రభుత్వమును కూలద్రోసిరి.