నూనె డబ్బా పట్టుకున్న ఇంజనీరు

మా ఇంట్లో ఒక పాత పెట్రోలు కారు ఉంది. మీటరు 1,92,000 కిలోమీటర్లు దాటింది. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళేసరికి అది నిలబడ్డ చోటల్లా నేలమీద నల్లటి మరక. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కింది గీత దగ్గరుంది. ఒక షెడ్డులో చూపిస్తే వెనక ఆయిల్ సీల్ పోయింది, ఇంజన్ దించాలి అన్నారు. నాన్న ఆ ఖర్చు విని కారు అమ్మేద్దామా అన్నారు.

చివరికి మా వీధి చివర మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఏదీ విప్పలేదు. ముందు ఇంజన్ మీద పేరుకున్న జిడ్డంతా శుభ్రంగా కడిగాడు. తర్వాత పావుగంట ఇంజన్ ఆన్‌లో ఉంచి, టార్చి పట్టుకుని పైనుంచి కిందికి చూశాడు. కారుతున్నది ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర! అక్కణ్ణించి ఇంజన్ వెనకగా జారి కిందికొచ్చి, సీల్ పోయినట్టు కనిపిస్తోంది. ఆయిల్ ఎప్పుడూ కిందికే జారుతుంది కాబట్టి మొదట తడిసిన చోటు పైనే వెతకాలని చెప్పాడు. బ్రీదర్ పైపు కూడా మడ్డితో మూసుకుపోయింది. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి లేక ఆయిల్‌ని సందుల్లోంచి తోసేస్తోందన్నమాట. ఎండిపోయి గట్టిపడ్డ ప్యాకింగ్ మార్చి, బ్రీదర్ కడిగి, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఆయిలు మార్చాడు. సాయంత్రానికి కారు ఇంటికొచ్చింది. తెల్లారి నేల చూస్తే మరక లేదు.

నేను ఫైనలియర్ మెకానికల్. క్యాంపస్‌లో నాకొచ్చింది ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఉద్యోగం. హాస్టల్లో అందరూ నూనె పోసే ఉద్యోగమని ఏడిపించారు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. ఆ రోజుల్లోనే, నూనె పోయడమే ఉద్యోగంగా ఉన్న ఒక మనిషి గురించి చదివాను. పేరు ఎలైజా మెకాయ్.

ఆయన 1844లో కెనడాలోని ఒంటారియోలో, కోల్చెస్టర్ అనే ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు మిల్డ్రెడ్, జార్జ్. ఇద్దరూ అమెరికాలోని కెంటకీలో బానిసలు. అక్కడినుంచి రహస్యంగా పారిపోయి సరిహద్దు దాటారు. పట్టుబడితే మళ్ళీ సంకెళ్ళే. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లాడికి చిన్నప్పట్నుంచీ యంత్రాలంటే పిచ్చి. అది చూసి పదిహేనేళ్ళ వయసులో వాణ్ణి సముద్రం దాటించి స్కాట్లండులోని ఎడిన్‌బరోకి పంపారు. అక్కడ అప్రెంటిస్‌గా పనిచేసి మెకానికల్ ఇంజనీరుగా అర్హత తెచ్చుకున్నాడు.

తిరిగొచ్చేసరికి కుటుంబం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటి అనే ఊళ్ళో ఉంది. బానిసత్వం చట్టం ప్రకారం పోయింది కానీ నల్లవాడికి ఇంజనీరు కుర్చీ ఇచ్చేవాళ్ళు లేరు. మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్‌లో దొరికిన పని ఫైర్‌మన్, ఆయిలర్. అంటే బాయిలర్ పొయ్యిలోకి పారతో బొగ్గు వెయ్యడం, బండి ఆగినప్పుడల్లా నూనె డబ్బా పట్టుకుని దిగి, కదిలే భాగాలకి నూనె పోయడం.

ఈ రెండో పని ఎందుకంత ముఖ్యమో ఇంజనీరింగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇనుము ఇనుముతో రాసుకుంటే వేడెక్కుతుంది, అరుగుతుంది, చివరికి పట్టేస్తుంది. మన కార్లో ఆయిల్ పంపు ఉంది, ఇంజన్ తిరిగినంతసేపూ అదే ఆయిల్ని పంపిస్తుంది. ఆ రోజుల్లో చాలా ఇంజన్లకి ఆ పంపు స్థానంలో ఉన్నది ఒక మనిషి. ఆయన కోసం బండి ఆగాలి. ఆగినంతసేపూ ప్రయాణికులు, సరుకులు, అందరూ ఆగాలి.

మెకాయ్ 1872లో దీనికి ఒక లూబ్రికేటర్ తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు. అది సిలిండరుకి బిగించే ఒక నూనె గిన్నె. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆవిరి ఒత్తిడే చిన్న కవాటాన్ని కదిలించి, నూనెని కావలసిన చోటికి వదులుతుంది. ఇంజన్ నడిస్తే నూనె పడుతుంది, ఆగితే ఆగిపోతుంది. ఇలాంటి ఆలోచన చేసినవాళ్ళలో ఆయనే మొదటివాడు కాదు. ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ 1860లోనే వేరే పద్ధతిలో ఒకటి చేశాడు. కానీ మెకాయ్ ఒక్కదానితో ఆగలేదు. జీవితాంతం దాన్నే దిద్దుతూ పోయాడు. మొత్తం 57 పేటెంట్లని లెక్క, అందులో ఎక్కువ భాగం లూబ్రికేషన్‌వే. మధ్యలో మడతపెట్టే ఇస్త్రీ బల్ల, తోటకి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్ కూడా ఉన్నాయి.

ఇంకో సమస్య తర్వాత వచ్చింది. రైలింజన్లలో బాగా అధిక వేడి ఆవిరి వాడటం మొదలయ్యాక మామూలు నూనె ఆ వేడికి నిలవలేదు. నూనెలో గ్రాఫైట్ పొడి కలిపితే బాగుంటుంది, కానీ ఆ పొడి సన్నటి దారుల్లో పేరుకుని మూసేస్తుంది. మా కారు బ్రీదర్లో మడ్డి చేసింది అదే కదా! గ్రాఫైట్ అడ్డుపడకుండా నూనెతో కలిసి పారే లూబ్రికేటర్‌కి ఆయన 1915లో పేటెంట్ పొందాడు. అప్పటికి వయసు డెబ్బై దాటింది.

ఆయన పేరుమీద ఒక కథ ప్రచారంలో ఉంది. రైల్వేవాళ్ళు నకిలీలు వద్దని అసలు మెకాయ్‌దే అడిగేవాళ్ళనీ, ఇంగ్లీషులో అసలు సరుకుని రియల్ మెకాయ్ అనడం అలా వచ్చిందనీ. చదవగానే ఎంత సంతోషం వేసిందో! కానీ ఆ మాటకి దగ్గరి రూపం, మకాయ్ అనే పేరుతో, ఆయన పన్నెండేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడే స్కాట్లండులో అచ్చయింది. కాబట్టి ఆ కథని నేను పక్కన పెట్టేస్తున్నాను.

పక్కన పెడితే మిగిలే నిజం అంత తియ్యగా లేదు. సొంతంగా ఫ్యాక్టరీ పెట్టే డబ్బు ఆయన దగ్గర లేదు. చాలా పేటెంట్ హక్కులు పెట్టుబడిదారులకి అమ్ముకున్నాడు. లూబ్రికేటర్లు ఊరూరా తిరిగాయి గానీ చాలావాటి మీద ఆయన పేరు లేదు. సొంత పేరుతో కంపెనీ పెట్టింది 1920లో, డెట్రాయిట్‌లో, 76 ఏళ్ళ వయసులో. రెండేళ్ళకే ఆయన, భార్య మేరీ ఒక కారు ప్రమాదంలో గాయపడ్డారు. ఆవిడ బతకలేదు. ఆయన కోలుకోలేదు. 1929 అక్టోబరులో, 85 ఏళ్ళ వయసులో, ఒక ఆసుపత్రిలో కన్నుమూశాడు. 2012లో డెట్రాయిట్‌లో తెరిచిన అమెరికా పేటెంట్ ఆఫీసుకి ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ కష్టపడితే ఫలితం దక్కుతుందని రాసి ముగించడం నాకు ఇష్టం లేదు. ఎడిన్‌బరోలో చదువుకున్న మనిషి చేతికి పార ఇవ్వడం అన్యాయం. ఆ అన్యాయంలోంచి ఆయన ఏదో సాధించాడని అది న్యాయమైపోదు. అదే పార పట్టుకుని పేరు లేకుండా పోయినవాళ్ళు ఎంతమందో.

నాకు అలాంటి కష్టం ఏమీ లేదు. నాకున్నది కొంచెం సిగ్గు, అంతే. మెకానిక్ బాబాయ్ టార్చి పట్టుకుని పైనుంచి కిందికి చూస్తున్నప్పుడు పక్కన నిలబడి ఉన్నాను. నాలుగేళ్ళ చదువులో యంత్రాన్ని అంత ఓపికగా నేనెప్పుడూ చూడలేదు. ఆఫర్ లెటర్‌కి మొన్న సోమవారం సరేనని మెయిల్ పెట్టాను. కారు డిప్‌స్టిక్ మాత్రం వారానికోసారి చూడమని నాన్నకి చెప్పి వచ్చాను.