చుక్కల గుట్టు విప్పిన హాస్టల్ విద్యార్థి మేఘనాథ్ సాహా

స్టడీ అవర్ అయ్యాక హాస్టల్ డాబా మీద పడుకుని చుక్కలు చూడనివాళ్ళు మనలో ఉండరు. ఆ చుక్కల్లో ఏ పదార్థాలున్నాయో లెక్కగట్టే దారి చూపినవారు కూడా మనలాగే హాస్టల్లో ఉండి చదివినవారే. ఆయనను తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పరిచయం చేయాలని మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేఘనాథ్ సాహా 1893 అక్టోబరు 6న ఢాకా దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. పై చదువుకు పొరుగూరు వెళ్తే ఒక డాక్టరుగారు అన్నం పెట్టి ఉండనిచ్చారు. బదులుగా తన కంచం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. ఆ పనులు చేస్తూనే జిల్లాలో ఫస్టు వచ్చి స్కాలర్‌షిప్ తెచ్చుకున్నారు. బెంగాల్ విభజన రోజుల్లో గవర్నరు రాకను బహిష్కరించినందుకు బడి పోయింది, స్కాలర్‌షిప్ కూడా పోయింది. వేరే బడిలో చేరారు కానీ చదువు ఆపలేదు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి హిందూ హాస్టల్లో ఉన్నారు. కులం తక్కువని అక్కడ కొందరు ఆయనతో కలిసి భోజనానికి కూర్చోలేదు. ఆ బాధ ఎలాంటిదో మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కరలేదు.

నక్షత్రకాంతిని రంగులుగా విడదీస్తే నల్లని గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో గీతల వరుస. వేడికి పరమాణువు ఎలక్ట్రాన్‌ను కోల్పోతే ఆ గీతలు మారిపోతాయి. ఎంత వేడి, ఎంత పీడనం దగ్గర ఎన్ని పరమాణువులు అలా మారతాయో 1920లో సాహా సమీకరణం చెప్పింది. సూర్యునిలో రుబీడియం గీతలు కనబడకపోతే అది లేదని కాదు, కాస్త చల్లని సూర్యమచ్చల్లో వెతకాలని ఆయన సూచించారు. వెతికితే దొరికింది! బరువైన మూలకాలు నక్షత్రాల్లో తయారవుతాయని తెలియడానికి ఇలాంటి గీతలే ఆధారమయ్యాయి. ఆ తయారీ ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి నేడు ప్రయోగశాలల్లో గామా ఫోటాన్లతో పరమాణు కేంద్రకాలను పరీక్షిస్తున్నారు.

1927లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. కలకత్తాలో ఆయన స్థాపించిన అణుభౌతిక సంస్థ నేడు ఆయన పేరుతోనే ఉంది. 1952లో లోక్‌సభకు గెలిచారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళ్తూ దారిలో కుప్పకూలి కన్నుమూశారు.

పక్కన కూర్చోనన్నవారి పేర్లు నేడు ఎవరికీ గుర్తులేవు. సాహా పేరు మాత్రం మన ఫిజిక్స్ పుస్తకాల్లో ఉంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ రాత్రి డాబా మీద చుక్కలు చూసేటప్పుడు ఆయనను ఒకసారి తలచుకోండి.