థాలర్ల లెక్కలో బాఖ్

బాఖ్ పేరు మనలో చాలామంది ఇళయరాజా వల్లే విని ఉంటాం. 1986లో వచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్‌ని రాజా గారు ఇద్దరికి అంకితమిచ్చారు. ఒకరు త్యాగరాజస్వామి, ఇంకొకరు యొహాన్ సెబాస్టియన్ బాఖ్. ఆ రెండో ఆయనెవరా అని వెతికితే తెల్ల విగ్గు, గుండ్రటి మొహం, కాస్త చిరాకు చూపు ఉన్న ఒక పెద్దాయన బొమ్మ కనిపిస్తుంది. కింద మహామేధావి, సంగీత పితామహుడు అని బిరుదులు. అక్కడితో ట్యాబ్ మూసేస్తాం.

ఈసారి నేను మూయలేదు. కారణం మా బాబాయి. ఆయన పాతికేళ్ళుగా గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళకీ, చవితి పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాడు. వయసు యాభై ఐదు దాటింది, నడుం నొప్పి మొదలైంది, ఉన్న కీబోర్డులో నాలుగు మెట్లు పలకట్లేదు. వీడు ఈసీఈ చదువుతున్నాడు కదా అని, తక్కువలో మంచిది చూసిపెట్టే పని నాకు అప్పగించాడు. 61 మెట్లదైతే ఐదారు కిలోల్లో వస్తుంది, చంకలో పెట్టుకుని బస్సెక్కొచ్చు. పియానోలాంటి బరువు మెట్లతో 88ది కావాలంటే పది కిలోలు దాటుతుంది, రేటూ దాటుతుంది. ఈ లెక్కలు చదువుతూ చదువుతూ ఎక్కడెక్కడో తిరిగి, 1750లో బాఖ్ చనిపోయాక ఆయన ఇంట్లో సామానుకు ధర కట్టిన జాబితా దగ్గర తేలాను. అది చూశాక ఆయన నాకు బొమ్మలో విగ్గు పెద్దాయనలా అనిపించడం మానేశాడు. రెక్కాడితే గానీ డొక్కాడని కీబోర్డు ప్లేయర్‌లా కనిపించాడు. ఆ బాఖ్ కథే ఇది.

1685లో జర్మనీలోని ఐసెనాఖ్ అనే ఊళ్ళో పుట్టాడు. ఇంటిల్లిపాదీ వాయిద్యగాళ్ళే. పదేళ్ళు నిండకుండానే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. వేరే ఊళ్ళో చర్చి ఆర్గాన్ వాయించే పెద్దన్న ఇంటికి చేరాడు. అన్న దగ్గర ఒక నొటేషన్ పుస్తకం ఉండేది. ముట్టుకోనిచ్చేవాడు కాదు. పిల్లాడు బీరువా తలుపు సందుల్లోంచి చెయ్యి దూర్చి, పుస్తకాన్ని చుట్టచుట్టి బయటికి లాగి, వెన్నెల వెలుగులో ఆరు నెలలపాటు నకలు రాసుకున్నాడట. తీరా అంతా అయ్యాక అన్న కనిపెట్టి ఆ నకలు కూడా లాగేసుకున్నాడు. మనకి సీనియర్ల నోట్స్ పీడీఎఫ్‌లో వస్తుంటే విలువ తెలీట్లేదు.

1703లో ఆర్న్‌స్టాట్ అనే ఊరి చర్చిలో కొత్త ఆర్గాన్ పెట్టారు. దాన్ని పరీక్షించడానికి బాఖ్‌ని పిలిచారు. అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్ళు, అంటే మన ఫస్టియర్ కుర్రాడి వయసు. పరీక్ష అయ్యాక ఆ ఉద్యోగం కూడా ఆయనకే ఇచ్చారు.

ఆర్గాన్ అంటే మన భజన మందిరంలో హార్మోనియం కాదు, గోడంత యంత్రం. వెనక మనుషులు తిత్తులు తొక్కుతుంటే గాలి పుడుతుంది. మెట్టు నొక్కితే ఆ గాలి దానికి సంబంధించిన గొట్టంలోకి వెళ్ళి పలుకుతుంది. ఏ వరస గొట్టాలు పలకాలో స్టాపులు లాగి ఎంచుకోవాలి. బాఖ్ ఏ కొత్త ఆర్గాన్ చూడ్డానికి వెళ్ళినా ముందు స్టాపులన్నీ ఒకేసారి లాగేసి, రెండు చేతులూ రెండు కాళ్ళూ పెట్టి గట్టిగా వాయించేవాడు. దీనికి ఊపిరితిత్తులు ఉన్నాయో లేవో ముందు తేలాలి అనేవాడట. కట్టినవాళ్ళకి మొహాలు పాలిపోయేవి. మన భాషలో ఇది ఫుల్ లోడ్ టెస్ట్. నాదం ఎంత తియ్యగా ఉంది, పైన చెక్కడం ఎంత బాగుంది అన్నవన్నీ తర్వాత. బరువు మోయగలదా లేదా అన్నది ముందు. ముసలితనం వరకూ ఊరూరా ఆర్గాన్లు పరీక్షించడం ఆయనకి ఒక పక్క ఆదాయం కూడా.

అటెండెన్స్ విషయంలో ఆయన మనవాడే. 1705లో బుక్స్‌టెహూడె అనే పెద్ద విద్వాంసుణ్ణి వినడానికి నాలుగు వారాలు సెలవు పెట్టి, దాదాపు 400 కిలోమీటర్లు నడిచి లూబెక్ వెళ్ళాడు. తిరిగొచ్చింది నాలుగు నెలలకి. చర్చి పెద్దలు సంజాయిషీ అడిగారు. తర్వాత వైమార్‌లో ప్రభువు కొలువులో చేరి, 1717లో వేరే ఉద్యోగం దొరికిందని గట్టిగా రాజీనామా అడిగితే, ఆ ప్రభువు దాదాపు నెల రోజులు జైల్లో పెట్టించి మరీ వదిలాడు. నోటీస్ పీరియడ్ ఇలా కూడా ఉంటుందన్నమాట.

కొత్త ఉద్యోగం కోతెన్ రాజకుమారుడి దగ్గర. ఆయనకి సంగీతం పిచ్చి, చేతిలో డబ్బుంది. 1719లో బెర్లిన్‌లో మీట్కె అనే పనివాడు చేసిన హార్ప్‌సికార్డ్ తేవడానికి బాఖ్‌ని పంపాడు. పెట్టెకీ ప్రయాణానికీ కలిపి 130 థాలర్లు ఖజానా నుంచి వెళ్ళాయి. హార్ప్‌సికార్డ్‌లో మెట్టు నొక్కితే పక్షి ఈకతో చేసిన ములుకు తీగని మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా దాదాపు ఒకే మోత. ఈకలు అరిగిపోతాయి, తీగలు వాతావరణం మారితే శ్రుతి తప్పుతాయి. బాఖ్ ఈకలు మార్చడం, శ్రుతి చెయ్యడం ఎవరికీ అప్పగించేవాడు కాదు. మొత్తం పెట్టెని పావుగంటలో శ్రుతి చేసేవాడని చెబుతారు. సర్వీస్ సెంటర్ అవసరం లేని కస్టమర్!

ఆయన ఎంచుకునేది సొంత డబ్బుతో కానప్పుడు ఇలా ఉండేది. సొంత డబ్బు సంగతికొస్తే కథ మారుతుంది. 1720లో మొదటి భార్య హఠాత్తుగా పోయింది. అదే ఏడు హాంబుర్గ్‌లో ఒక చర్చి ఉద్యోగం ఖాళీ అయితే ప్రయత్నించాడు. ఆయన వాయిద్యం అందరికీ నచ్చింది. ఉద్యోగం మాత్రం చర్చికి 4000 మార్కులు కట్టిన ఇంకొకాయనకి వెళ్ళింది. డొనేషన్ సీటు అంటే ఏమిటో మనకి ఎవరూ వివరించక్కర్లేదు.

1723లో లైప్‌జిగ్ చేరాడు. అక్కడ కూడా ఆయన మొదటి ఎంపిక కాదు. ముందు ఇద్దరు కుదరకపోతేనే ఈయన్ని తీసుకున్నారు. చర్చిల్లో పాట, స్కూల్లో పిల్లలకి పాఠం, వారం వారం కొత్త బాణీ. ఏడాదికి అటూ ఇటూగా 700 థాలర్లు వచ్చేవి. అందులో పెద్ద వాటా పెళ్ళిళ్ళూ చావుల మీద వచ్చే రుసుములే. 1730లో ఒక పాత స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆయన బాధ ఏంటంటే, పోయిన ఏడాది ఊళ్ళో గాలి బాగుండి జనం సరిగ్గా చావలేదు, అందుకని 100 థాలర్ల పైనే నష్టపోయాడు. మా బాబాయికి మూఢం వస్తే ఎలాగో, బాఖ్‌కి ఊరంతా ఆరోగ్యంగా ఉంటే అలాగ. ఇద్దరు భార్యలకీ కలిపి ఇరవైమంది పిల్లలు పుడితే పదిమంది బతికారు. ఆ పదిమందినీ పెంచాలి.

అందుకే 1729లో ఇంకో పని చేపట్టాడు. జిమ్మర్‌మన్ అనే ఆయన కాఫీ హోటల్లో కచేరీలు. చలికాలంలో శుక్రవారం రాత్రి లోపల, ఎండాకాలంలో బుధవారం సాయంత్రం తోటలో. వాయించేవాళ్ళలో ఎక్కువమంది ఎవరనుకున్నారు? యూనివర్సిటీ స్టూడెంట్లు! అంటే మన ఫెస్ట్ బ్యాండుకి బాఖ్ కోచింగ్ ఇచ్చినట్టు. 1733లో రాజు చనిపోయిన సంతాపం వల్ల కొన్ని నెలలు కచేరీలు ఆగి, మళ్ళీ మొదలైనప్పుడు, ఈ ఊళ్ళో ఇంతవరకు వినని కొత్త హార్ప్‌సికార్డ్ పెడుతున్నామని పేపర్లో ప్రకటన వేశారు. కొత్త పెట్టె పేరు చెప్పి జనాన్ని రప్పించడం అప్పుడూ ఉంది. దానికి తగ్గ కొత్త బాణీలు కట్టడానికి తీరికెక్కడిది? వయొలిన్ కోసం ముందే కట్టినవాటిని హార్ప్‌సికార్డ్‌కి తిప్పి రాశాడు. రెండు, మూడు, ఒకసారైతే నాలుగు హార్ప్‌సికార్డులు కలిసి వాయించే కచేరీలు అలా పుట్టాయి. కొడుకులూ శిష్యులూ ఉండగా కళాకారులకి కొదవేముంది?

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. సిల్బర్‌మన్ అనే పేరున్న ఆర్గాన్ తయారీదారు పియానో చేశాడు. అప్పటికి పియానో అంటే కొత్త టెక్నాలజీ. ఈకతో మీటడం కాకుండా చిన్న సుత్తి తీగని కొడుతుంది, కాబట్టి మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. ఇవాళ కీబోర్డు పెట్టె మీద టచ్ రెస్పాన్స్ అని రాసి అమ్మేది ఈ గుణాన్నే. బాఖ్ వాయించి చూశాడు. నాదం బాగుందన్నాడు. పై స్థాయి స్వరాలు బలహీనంగా ఉన్నాయని, మెట్లు నొక్కడానికి చాలా బరువుగా ఉన్నాయని కూడా మొహం మీదే చెప్పాడు. సిల్బర్‌మన్‌కి కోపం వచ్చింది. కానీ ఆయన నిజమైన ఇంజనీరు. కోపాన్ని పక్కనపెట్టి ఏళ్ళ తరబడి ఆ రెండు లోపాల మీదే పని చేసి, మళ్ళీ తెచ్చి చూపించాడు. ఈసారి బాఖ్ పూర్తిగా ఒప్పుకున్నాడు.

1747లో బాఖ్‌కి అరవై రెండేళ్ళు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువులో కొడుకు పనిచేస్తుంటే పోట్స్‌డామ్ వెళ్ళాడు. రాజు దగ్గర సిల్బర్‌మన్ పియానోలు చాలానే ఉన్నాయి. పెద్దాయన చేత వాటిని వాయింపించి, తనే ఒక చిక్కు బాణీ ఇచ్చి, దాని మీద అప్పటికప్పుడు కల్పించమన్నాడు. బాఖ్ మూడు గొంతులు ఒకదాన్నొకటి తరుముకునేలా అక్కడికక్కడే వాయించాడు. ఇంటికెళ్ళి ఆ బాణీ మీద ఒక పుస్తకమే రాసి, అచ్చేయించి, రాజుకి అంకితమిచ్చాడు. అరవై దాటాక కొత్త పెట్టె, కొత్త మెట్ల బరువు. ఈ వయసులో ఇవన్నీ నాకెందుకని ఆయన అనుకోలేదు. మా బాబాయికి నేను చెప్పిన ఒకే ఒక్క బాఖ్ కథ ఇది. విని నవ్వాడు, ఏమీ అనలేదు.

1749 మే నెలలో ఒక రసీదు దొరుకుతుంది. సిల్బర్‌మన్ పియానో ఒకదాన్ని పోలండ్ జమీందారు ఒకాయనకి 115 థాలర్లకి అమ్మిపెట్టి, బాఖ్ సంతకం చేశాడు. 115 అంటే ఆయన రెండు నెలల సంపాదన. ఒకప్పుడు తప్పులెన్నినవాడే చివరికి ఆ సరుకు అమ్మిపెట్టాడు.

ఆ మరుసటి నెల, జూన్‌లో, ఇంకొకటి జరిగింది. బాఖ్ కళ్ళు అప్పటికే మసకబారాయి. ఆయన ఇంకా ఉద్యోగంలో ఉండగానే, బతికుండగానే, లైప్‌జిగ్ పెద్దలు ఆయన స్థానంలోకి రాబోయే మనిషికి ఆడిషన్ పెట్టేశారు. ఊళ్ళో అందరికీ తెలిసే జరిగింది. పాతికేళ్ళకు పైగా ఆ చర్చిల్లో వాయించిన మనిషికి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో నాకు ఊహించడం కష్టంగా ఉంది. ముసలి వాయిద్యగాడికి భయం వేసేది పెట్టె పాడైనందుకు కాదు. పక్కన ఇంకొకడి కుర్చీ వేసేసినందుకు.

1750లో ఒక ఇంగ్లిషు కంటి వైద్యుడి దగ్గర రెండుసార్లు ఆపరేషన్ చేయించుకున్నాడు. చూపు రాలేదు, ఆరోగ్యం దెబ్బతింది. జూలై 28న చనిపోయాడు. అరవై ఐదేళ్ళు.

ఆ జాబితా అప్పుడు రాసిందే. మంచి చెక్క తాపడం ఉన్న హార్ప్‌సికార్డ్ ఒకటి, 80 థాలర్లు. తలా 50 థాలర్లవి మూడు. చిన్నది ఒకటి, 20. పేగు తీగలు కట్టి వీణలా మెత్తగా పలికేలా చేయించిన పెట్టెలు రెండు, తలా 30. బుల్లి స్పినెట్ ఒకటి, 3 థాలర్లు. మొత్తం ఎనిమిది, 313 థాలర్లు. ఇవి కాక, మెట్లతో పాటు కాలి పెడళ్ళు కూడా ఉన్న క్లావియర్లు మూడింటిని బతికుండగానే పద్నాలుగేళ్ళ ఆఖరి కొడుక్కి ఇచ్చేశాడు. ఈ జాబితాలో ఆర్గాన్ లేదు. అది ఎప్పుడూ చర్చిదే. పియానో లేదు. అది రాజులూ జమీందారులూ కొనేది. ఆయన కొన్నవి ఎక్కువగా నెల జీతం లోపు వచ్చే మధ్యరకం పెట్టెలు, తన చేత్తో ఈకలు మార్చుకోగలిగినవి.

80 థాలర్లదాని పక్కన మాత్రం, వీలైనంతవరకు ఇది ఇంట్లోనే ఉండాలని రాసి ఉంది. భార్య అన్నా మాగ్దలేనా మంచి గాయని. భర్త బాణీలెన్నిటికో శుభ్రంగా నకళ్ళు రాసింది. ఆ తర్వాత పదేళ్ళు ఊరి ధర్మం మీద బతికి 1760లో పోయింది. వాయిద్యాల విలువ ఎంతైనా, వాయించే చేతులు ఆగాక ఇల్లు గడవదు. మన ఊళ్ళల్లో ఆర్కెస్ట్రా వాళ్ళ ఇళ్ళకి వెళ్ళినా ఇది తెలుస్తుంది.

1722లో ఆయన పూర్తిచేసిన ఒక పుస్తకం ఉంది, ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’. మేజర్, మైనర్ కలిపి 24 శ్రుతుల్లోనూ రాసిన పాఠాలు. అప్పట్లో క్లావియర్ అంటే మెట్లున్న ఏ పెట్టైనా సరే. మన మ్యూజిక్ రూమ్‌లో మూల పడున్న 61 మెట్ల కీబోర్డు మీద కూడా మొదటి పాఠం వాయించొచ్చు. ఖాళీ ఉన్నప్పుడు ప్రయత్నించండి. ముందు మాత్రం వాల్యూమ్ పూర్తిగా పెంచి, దానికి ఊపిరితిత్తులు ఉన్నాయో లేవో చూడండి.