కమ్మరి కొడుకు దేవులాడిన కరెంటు తొవ్వ

పొలంకాడ స్టార్టరు బటన్ ఒత్తంగనే మోటరు తిరుగుతది. ఆ తిరుగుడు ఏడ మొదలైందో తవ్వుకుంట పోతే లండన్‌ల ఓ కమ్మరి ఇల్లు తగులుతది. 1791 సెప్టెంబర్ 22న మైకేల్ ఫారడే పుట్టింది ఆ ఇంట్లనే. తండ్రి జేమ్స్ కొలిమి పని చేసేటోడు గాని, పానం బాగుండక పనికి పోని దినాలే ఎక్కువ. ఇంట్ల తిండికే కటకట. ఫారడేకు అబ్బిన బడి చదువు అక్షరాలు, కొద్దిగ లెక్కలు. గంతే.

పదమూడేండ్లకే పేపర్లు పంచే పిలగాడయిండు. 1805ల రీబో అనే ఆయన పుస్తకాల దుకాణంల బైండింగ్ పని నేర్సుకునేటందుకు ఏడేండ్లకు కుదిరిండు. అట్టలేసేటోళ్లు మస్తు మంది ఉంటరు. ఈ పిలగాడు అట్టేసే ముందు లోపల ఏమున్నదో చదివిండు. బ్రిటానికాల కరెంటు మీద రాసిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే ఆమె కెమిస్ట్రీని ముచ్చట్ల లెక్క చెప్పిన పుస్తకం, ఇవే ఆయనకు గురువులు. మార్సెట్ పేరు సైన్సు పాఠాలల్ల ఎక్కువ ఇనబడది, అందుకే ఇక్కడ కావాలని రాస్తున్న.

1812ల దుకాణానికొచ్చే ఓ పెద్దమనిషి టికెట్లు ఇస్తే, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ల హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు ఇన్నడు. ఇన్నదంతా రాసి, బొమ్మలేసి, తనే బైండు చేసి డేవీకి పంపిండు. 1813 మార్చిల ల్యాబ్ అసిస్టెంటుగ కొలువు దొరికింది.

అదే ఏడాది డేవీ దంపతులతోని యూరప్ తిరగబోయిండు. దొరసాని ఆయనను నౌకరు లెక్కనే చూసింది. ఇంటికి తిరిగిపోదామా అనిపించేంత అవమానం. గని ఆ తిరుగుడులనే 1814ల ఇటలీల ఫ్లోరెన్సుకాడ ఓ వింత చూసిండు. పెద్ద భూతద్దంతోని ఎండను ఒక్కకాడికి తెచ్చి వజ్రాన్ని కాలబెట్టిన్రు. బొగ్గు కాలితే ఏ గాలి వస్తదో అదే వచ్చింది. అంటే వజ్రం సుత కార్బనే.

మరి పెన్సిల్ ముల్లుల ఉండే గ్రాఫైటు కూడా కార్బనే గదా? దాంట్లకెల్లి కరెంటు పారుతది, వజ్రంలకెల్లి పారది. ఎందుకు? ఈ జవాబు ఫారడే కాలంల ఎవ్వలకు తెల్వది. వజ్రంల ఒక్కో కార్బన్ పక్కనున్న నాలుగింటితోని గట్టిగ ముడిపడి ఉంటది, ఖాళీగ తిరిగే ఎలక్ట్రాన్ ఒక్కటి మిగలది. గ్రాఫైటుల మూడింటితోనే ముడి, నాలుగోది తిరుగుతది. తేడా అణువులో లేదు, ముడిలో ఉన్నది.

ఫారడే ఈ ముడి కాడికి 1833ల చేతులతోనే చేరిండు. నీళ్లల్లకెల్లి పారే కరెంటు, సన్నటి మంచు పొర అడ్డమొస్తే ఆగిపోయింది. అక్కడ ఇడిసిపెట్టలే. సీసం క్లోరైడ్ లాంటి లవణాలను పొయ్యి మీద కరగబెట్టి చూసిండు. గట్టిగున్నప్పుడు పారనియ్యలే, కరగంగనే పారనిచ్చినయి. గంధకం, చక్కెర కరిగినంక సుత పారనియ్యలే.

మన వంటింటి ఉప్పునే తీసుకోండ్రి. సోడియం ఓ ఎలక్ట్రాన్ ఇస్తది, క్లోరిన్ తీసుకుంటది. ఒకటి ప్లస్, ఇంకోటి మైనస్ అయి పట్టుకుంటయి. ఉప్పుగల్లుల ఎక్కడివి అక్కడ్నే బిగుసుకుంటయి. కరగబెట్టినా, నీళ్లల్ల ఏసినా కదులుతయి, కరెంటును మోస్తయి. చక్కెరల ఎలక్ట్రాన్లు ఇద్దరు రైతుల పొత్తు లెక్క, ఆ రెండు అణువుల నడుమనే ఉంటయి, అందుకే నీళ్లల్ల కలిపినా మోసేది ఉండదు. రాగితీగె ముచ్చట వేరే. దాంట్ల పై ఎలక్ట్రాన్లు ఊరుమ్మడి కంచెల పసుల లెక్క అంతటా తిరుగుతయి.

బోరు నీళ్లల్ల ఉప్పులు కరిగి ఉంటయి. తడి చేతులతోని స్టార్టరు పట్టొద్దు అనేది అందుకే. ఎన్ని ఇండ్లల్ల పెద్దదిక్కు గిట్ల పోలేదు?

అదే 1833ల ఇంకోటి చూసిండు. మామూలు లోహాలు కాగితే కరెంటు తక్కువ పారుతది. వెండి సల్ఫైడు కాగితే ఎక్కువ పారింది. సెమికండక్టర్ల కథకు ఇదే మొదలు అంటరు సైన్సోళ్లు. నీ చేతుల ఫోన్ల చిప్పు ఆ జాతిదే. 1834ల విలియం హ్యూవెల్ అనే పండితుడిని అడిగి అయాన్, ఆనోడ్, క్యాథోడ్ అనే పేర్లు పెట్టిండు. ఎలక్ట్రాన్ దొరికింది 1897ల, అప్పటికి ఈయన పోయి ముప్పై ఏండ్లు.

ఆయనకు పెద్ద లెక్కలు రావు. చూసినదాన్ని గీతలల్ల గీసుకున్నడు, తర్వాత మాక్స్‌వెల్ వాటిని సమీకరణాలల్ల పెట్టిండు. మోటరుకు తొవ్వ 1821ల, జనరేటరుకు 1831ల చూపిండు. ఎదిగినోళ్లు ఎదిగేటోడిని చూసి ఓర్వరనేదానికి ఓ సాక్ష్యం కూడా ఉన్నది. రాయల్ సొసైటీల ఈయనను చేర్చుకునేటప్పుడు అడ్డం తిరిగింది ఎవలో కాదు, డేవీనే. ఆ డేవీ సుత చెక్క చెక్కేటాయన కొడుకే. అయినా 1824ల ఫారడే సభ్యుడయిండు. తర్వాత అదే సొసైటీకి అధ్యక్షుడివి కమ్మంటే వద్దన్నడు. సర్ బిరుదు ఇస్తమంటే సుత వద్దన్నడు.

పిలగాండ్లకు క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం ఏండ్లకేండ్లు చెప్పిండు. ఆఖరుకు ఒక్క మైనపుబత్తి మీదనే ఆరు పాఠాలు నడిపిండు. ముసలితనంల మతిమరుపు బాగ సతాయించింది. 1867 ఆగస్టు 25న పోయిండు. హైగేట్ శ్మశానంల రాయి మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ రాసి ఉన్నయి.