ఓపెన్‌జేడీకేకు ఇరవై ఏళ్లు: మోసినవారికి, కాచినవారికి అభినందనలు

2006 నవంబర్ 13న సన్ మైక్రోసిస్టమ్స్ తన జావా వర్చువల్ మెషీన్ 'హాట్‌స్పాట్' సోర్స్ కోడ్‌ను, జావా కంపైలర్‌ను జీపీఎల్ లైసెన్సు కింద లోకం చేతిలో పెట్టింది. మరుసటి ఏడాది మే నెలలో లైబ్రరీలూ వచ్చి చేరాయి. ఓపెన్‌జేడీకే అనే ఆ ఉమ్మడి ఆస్తికి ఇరవై ఏళ్లు నిండుతున్న ఈ శుభవేళ, దాన్ని కొత్త కొత్త ప్రాసెసర్లకు చేర్చినవారికీ, పాత వెర్షన్లను కంటికి రెప్పలా కాచినవారికీ ఈ సత్కారం.

ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్నది జావా పుట్టినప్పుడు ఇచ్చిన మాట. ఆ మాట చెల్లాలంటే ప్రతి ప్రాసెసర్‌కూ ఎవరో ఒకరు పూనుకోవాలి. ఇంటర్‌ప్రెటర్‌నూ, హాట్‌స్పాట్ లోపలి సీ1, సీ2 కంపైలర్లలో ఆ చిప్‌కు తగిన కోడ్ పుట్టించే భాగాన్నీ కొత్తగా రాయాలి. దీన్నే పోర్ట్ చేయడం అంటారు. ఒక థ్రెడ్ మెమరీలో రాసినవి మరో థ్రెడ్‌కు ఏ వరుసలో కనిపిస్తాయన్నది ఒక్కో చిప్‌లో ఒక్కో తీరు. ఇంటెల్ చిప్‌లు ఆ వరుసను చాలావరకు నిలుపుతాయి. ఆర్మ్, పవర్ చిప్‌లు అంతగా నిలపవు. ఇంటెల్ మీద ఏళ్ల తరబడి దాగిన లోపం అక్కడ ఎప్పుడో ఒకసారి, లోడ్ పెరిగినప్పుడు తల ఎత్తుతుంది. దాన్ని వెంటాడి, సరైన చోట ఆ వరుసను నిలిపే ఒక్క మెమరీ బ్యారియర్ పెట్టడానికి గొప్ప ఓర్పు కావాలి.

తొలి రోజుల్లో ఫాంట్లు, ధ్వనికి సంబంధించిన కొన్ని భాగాలపై సన్‌కు పూర్తి హక్కులు లేక వాటి కోడ్ బయటికి రాలేదు. 2007 జూన్‌లో రెడ్‌హ్యాట్ మొదలుపెట్టిన ఐస్‌డ్‌టీ ఆ ఖాళీలను పూరించింది; ఏడాది తిరిగేసరికి ఫెడోరా 9లోని దాని బిల్డ్ జావా అనుకూలత పరీక్షల్లో నెగ్గింది. దాదాపు అసెంబ్లీ లేకుండా నడిచే 'జీరో' పోర్ట్ కూడా ఆ కృషి ఫలమే. వేగం తక్కువైనా, ఎవరూ పట్టించుకోని ప్రాసెసర్లకూ జావాను తీసుకెళ్లింది. ఎస్‌ఏపీ, ఐబీఎం ఇంజనీర్లు ఓపెన్‌జేడీకేను పవర్ చిప్‌లకూ, ఏఐఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ పోర్ట్ చేశారు. 64 బిట్ల ఆర్మ్ చిప్ చేతికి రాకముందే సిమ్యులేటర్ మీద మొదలైన పోర్ట్ 2017లో జేడీకే 9లో భాగమైంది. 2022లో జేడీకే 19తో రిస్క్-వీ చిప్‌ల వంతు వచ్చింది.

కాపలా పని ఇంతకన్నా తక్కువది కాదు. 2014లో వచ్చిన జావా 8 నేటికీ ఎన్నో సర్వర్లలో నడుస్తోంది. కొత్త కోడ్ కోసం రాసిన భద్రతా సవరణ పాత కోడ్‌లో ఉన్నదున్నట్టు ఇమడదు, మలచాలి, పరీక్షించాలి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో అప్‌డేట్ విడుదల తప్పకూడదు. కొత్త ఫీచర్‌కు వచ్చే చప్పట్లు ఈ పనికి రావు. అందుకే ఈ రోజు ఆ చప్పట్లు మనం కొడదాం.

అమీర్‌పేటలో కోర్ జావా నేర్చుకుని దేశదేశాల్లో స్థిరపడిన తెలుగువారి బతుకుల్లో ఈ కృషికి వాటా ఉంది. వారి వారసుల్లో కొందరైనా రేపటి పోర్టర్లు, మెయింటెయినర్లు కావాలని మనసారా కోరుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా జావా మాట చెల్లించిన మీ అందరికీ హృదయపూర్వక అభినందనలు!